ఖార్తూమ్ నుంచి సింగ్‌నగర్ దాకా: ఒక తల్లి, ఇద్దరు పిల్లల కేసు

మానసిక చికిత్స కోసం నా దగ్గరికి వచ్చిన ఒక కుటుంబం కేసు ఇది. దీన్ని రాయడానికి ఆ కుటుంబం ఒప్పుకుంది. పేర్లు ఎక్కడా రాయడం లేదు. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను, జరిగినదాని సారం మార్చలేదు. యుద్ధం చూసిన పిల్లలు మన దగ్గర ఎక్కడుంటారులే అనుకుంటాం. గల్ఫ్ నుంచి, ఆఫ్రికా నుంచి, ఉక్రెయిన్ నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చిన తెలుగు కుటుంబాలు మన మధ్యే ఉన్నాయి. స్కూళ్ళలో, బంధువుల ఇళ్ళలో కలిసిపోయి ఉంటారు కాబట్టి కనపడరు. అలాంటి పిల్లలు ఎదురైన టీచర్లకు, కౌన్సెలర్లకు, ఆ ఇళ్ళలోని పెద్దలకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

తల్లికి 33 ఏళ్ళు. డిగ్రీ చదివింది. భర్త సుడాన్ రాజధాని ఖార్తూమ్‌కు నది అవతలున్న బహ్రీలో, ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ పని చేసేవాడు. పెళ్ళయిన కొన్నాళ్ళకు ఆమె కూడా అక్కడికే వెళ్ళింది. యుద్ధం మొదలైనప్పుడు పాపకు తొమ్మిదేళ్ళు, బాబుకు నాలుగున్నర.

2023 ఏప్రిల్ 15, శనివారం. రంజాన్ నెల చివరి రోజులు. సుడాన్ సైన్యానికీ, ర్యాపిడ్ సపోర్ట్ ఫోర్సెస్ అనే పారామిలటరీ దళానికీ మధ్య పోరు ఖార్తూమ్ నగరం నడిబొడ్డునే మొదలైంది. యుద్ధమంటే ఎక్కడో సరిహద్దులో జరిగేది అని మన ఊహ. అక్కడ మొదటి రోజే ఎయిర్‌పోర్టు మీద దాడి జరిగింది, కాల్పులు ఇళ్ళ మధ్యకు వచ్చేశాయి. కరెంటు పోయింది, కుళాయి ఆగిపోయింది. వీళ్ళది పై అంతస్తు ఫ్లాటు. కింది వాటాలో ఉండే సుడానీ ఆవిడ, తనకే ముగ్గురు పిల్లలున్నా, వీళ్ళ నలుగురినీ తన ఇంట్లోకి పిలిచి హాల్లో గోడవారగా పరుపులు వేయించింది. తన ట్యాంకులో ఉన్న నీళ్ళు గ్లాసుల లెక్కన పంచింది.

ఏప్రిల్ 24న మన ప్రభుత్వం ఆపరేషన్ కావేరి మొదలుపెట్టింది. బస్సులో 800 కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి ఎర్రసముద్రం ఒడ్డున ఉన్న పోర్ట్ సుడాన్, అక్కడి నుంచి నౌకాదళం ఓడలో జెడ్డా, జెడ్డాలో ఇండియన్ స్కూల్లో బస, ఆ తర్వాత విమానం. మే 5 నాటికి ఆ ఆపరేషన్‌లో మొత్తం 3,862 మందిని బయటకు తెచ్చారు. వాళ్ళలో ఈ నలుగురు ఉన్నారు. కింది వాటా ఆవిడ, ఆమె ముగ్గురు పిల్లలు అక్కడే ఉండిపోయారు.

వచ్చాక కష్టం వేరే రూపంలో పట్టుకుంది. దాచుకున్నదంతా అక్కడే పోయింది, ఇక్కడ అప్పు ఉంది. రెండు నెలలు తిరక్కుండానే భర్త ఇంకో ఉద్యోగం చూసుకుని ఒమన్ వెళ్ళిపోయాడు. తల్లీపిల్లలు విజయవాడ అజిత్‌సింగ్ నగర్‌లో అత్తగారింట్లో, ముందు గదిలో సర్దుకున్నారు.

నా దగ్గరికి ఎలా వచ్చారు

స్కూలు పంపింది. అసలు ఆ స్కూల్లో సీటు దొరకడమే గగనమైంది. అంతకుముందు అడిగిన ఒక బడి టీసీ లేకపోతే కుదరదంది. టీసీ ఇవ్వాల్సిన బడి ఖార్తూమ్‌లో మూతపడి ఉంది. ప్రభుత్వ, ఎయిడెడ్ బళ్ళలో టీసీ ఆలస్యమైందని అడ్మిషన్ ఆపకూడదనీ, వయసు ధ్రువపత్రం లేదని ఏ బడీ పిల్లల్ని కాదనకూడదనీ 2009 నాటి విద్యాహక్కు చట్టం చెబుతోంది. ఈ సంగతి తెలియక ఆ తల్లి జూన్, జూలై నెలలు స్కూళ్ళ గేట్ల దగ్గరే గడిపింది. ఇల్లు వదిలి వచ్చినవాళ్ళకు మొదట కావలసింది కౌన్సెలింగ్ కాదు, ఇలాంటి కాగితాల దగ్గర పక్కన నిలబడే మనిషి.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం స్కూలు బయట లారీ టైరు పేలింది. క్లాసులో అందరూ ఉలిక్కిపడి నవ్వుకున్నారు. పాప మాత్రం బెంచీ కిందకు దూరి, తల మోకాళ్ళలో పెట్టుకుని, గంట కొట్టినా బయటకు రాలేదు. క్లాస్ టీచర్ ఆమెను లాగలేదు, తిట్టలేదు. తనూ కింద కూర్చుని, పిల్లలందర్నీ బయటకు పంపి, తల్లి వచ్చేదాకా అలాగే ఉంది. ఈ కేసులో మొదటి వైద్యం చేసింది ఆ టీచరే.

పిల్లలు ఎలా ఉన్నారు

పాప గుసగుసగా మాట్లాడేది. ఇంట్లో ఉన్నా అంతే, బయట ఉన్నా అంతే. అక్కడి నుంచి వచ్చినప్పటి నుంచీ ఇదే వరస అని తల్లి చెప్పింది. పడుకునేముందు ఇంట్లో దొరికిన ప్రతి సీసాలోనూ నీళ్ళు పట్టి మంచం కింద వరసగా పెట్టేది. కూల్‌డ్రింకు సీసాలు, మందు సీసాలు, బామ్మ గంగాజలం తెచ్చుకున్న చిన్న బిందె కూడా వదల్లేదు. మున్సిపల్ కుళాయి రోజూ వేళకు ఆగిపోతుంది కదా, ఆగిన ప్రతిసారీ మొహం పాలిపోయేది. తల్లి బాత్రూమ్‌కు వెళ్తే తలుపు బయట కూర్చునేది.

బాబు పక్క తడపడం మానేసి ఏడాది దాటాక మళ్ళీ మొదలుపెట్టాడు. వాడికి ఒకటే ఆట. బొమ్మ బస్సును గచ్చు మీద నడిపిస్తాడు, ఆపుతాడు, బొమ్మల్ని దింపి చేతులు పైకెత్తి నిలబెడతాడు, మళ్ళీ ఎక్కిస్తాడు. మళ్ళీ మొదటి నుంచి. మొహంలో నవ్వు ఉండదు. ఎవరైనా ఆటలో చేరబోతే ఏడుస్తాడు. 1976లో కాలిఫోర్నియాలోని చౌచిల్లాలో ఒక స్కూలు బస్సును, 26 మంది పిల్లలతో సహా ఎత్తుకుపోయారు. ఆ పిల్లల్ని తర్వాత ఏళ్ళ తరబడి గమనించిన సైకియాట్రిస్టు లెనోర్ టెర్, భయం తిన్న పిల్లలు ఇలా సంతోషం లేని ఆటను మళ్ళీ మళ్ళీ ఆడతారని చెప్పారు. పిల్లాడు ఆడుకుంటున్నాడుగా, బాగానే ఉన్నాడని ఇంట్లోవాళ్ళు అనుకునేది సరిగ్గా ఈ ఆటను చూసే.

తల్లి విషయం ఎవరూ అడగలేదు. ఆమె కూడా పిల్లల కోసమే వచ్చానంది. నిద్ర గురించి నేను అడిగితే, చీటీ లేకుండా మందుల షాపులో కొన్న ఆల్ప్రాజోలం (ఆందోళన తగ్గించే మాత్ర) స్ట్రిప్ బ్యాగులోంచి తీసి చూపించింది. అది వేసుకున్నా తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేస్తుంది. లేచి పిల్లల ముక్కుల దగ్గర వేలు పెట్టి చూసుకుంటుంది. వంట చేస్తూ చేస్తూ ఆగిపోతుంది, పప్పు మాడాక తెలుస్తుంది. ఫోన్‌లో ఒక వాట్సాప్ చాట్ ఉంది. కింది వాటా ఆవిడది. జూన్ తర్వాత పంపినవాటికి ఒకటే టిక్కు పడుతోంది. "మాకు పాస్‌పోర్టు ఉంది, ఆవిడకు లేదు. అంతే తేడా మేడమ్" అంది. కళ్ళు తుడుచుకోలేదు, అసలు ఏడవలేదు. ఆ పొడి గొంతే నన్ను ఎక్కువ కలవరపెట్టింది.

పాపకు ఎనిమిది ప్రశ్నల క్రైస్ ప్రశ్నావళి ఇచ్చాం, దారుణం చూసిన పిల్లల మీద దాని ప్రభావం ఎంతుందో చూసేది. అందులో 17 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే పీటీఎస్‌డీ, అంటే దారుణం చూశాక ఆ భయం, జ్ఞాపకాలు వదలకుండా వేధించే జబ్బు, ఉందేమోనని వివరంగా పరీక్షించాలి. పాప స్కోరు దానికి చాలా పైన ఉంది. తల్లి లక్షణాలు కూడా పీటీఎస్‌డీకి సరిపోయాయి, పైగా డిప్రెషన్. బాబు వయసుకు ప్రశ్నావళి కుదరదు. ఆటనూ నిద్రనూ చూసి అంచనా వేయాల్సిందే.

ఇల్లు

అత్తగారు మంచి మనిషి. మనవల కోసం ప్రాణం పెడుతుంది. పిల్లలు జడుసుకున్నారని వచ్చిన వారంలోనే మసీదు దగ్గరకు తీసుకెళ్ళి తాయెత్తులు కట్టించింది. ప్రతి శనివారం దిష్టి తీసేది. కానీ పాప ఎప్పుడైనా "అక్కడ..." అని నోరు తెరిస్తే చాలు, "అవన్నీ ఇప్పుడెందుకు తల్లీ, పీడకల అనుకుని మర్చిపో" అనేది. తల్లి ఆ మాటకు తలూపేది. ఫోన్‌లో తండ్రి కూడా అదే అనేవాడు.

అంతకుముందు దీనికి పూర్తిగా వ్యతిరేకం నడిచింది. ఎయిర్‌పోర్టులో దిగగానే మైకులు పట్టుకొచ్చారు. ఊళ్ళోకి వచ్చాక చుట్టాలు వంతులవారీగా వచ్చి "బాంబులు దగ్గరగా చూశారా, శవాలు చూశారా" అని పిల్లల ముందే అడిగారు. అలా రెండు వారాలు. ఆ తర్వాత ఎవరూ మాట ఎత్తలేదు. ముందు వార్త కోసం అడిగారు, తర్వాత మర్చిపొమ్మన్నారు. ఈ రెంటి మధ్యలో ఆ పిల్లలు చెప్పేది ఓపిగ్గా కూర్చుని విన్నవాళ్ళు లేరు. ఈ కుటుంబం విషయంలో నాకు బలంగా అనిపించింది ఇదే. బాంబుల భయం పిల్లల్లో ఇంకా మిగిలిపోవడానికి ఇల్లంతా పాటించిన ఆ మౌనం పెద్ద కారణం.

ఎవరితో మొదలుపెట్టాలి

రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ మీద బాంబులు పడుతున్నప్పుడు అన్నా ఫ్రాయిడ్, డొరతీ బర్లింగ్‌హామ్ హాంప్‌స్టెడ్‌లో పిల్లల కోసం నర్సరీలు నడిపారు. వాళ్ళు గమనించిందేమిటంటే, తల్లి దగ్గరే ఉండి, ఆమె నిబ్బరంగా ఉంటే చాలామంది పిల్లలు బాంబుల్ని కూడా తట్టుకున్నారు. తల్లి నుంచి విడిపోవడం వాళ్ళను ఎక్కువ కుంగదీసింది. మన ఇళ్ళలో ఈ మాట తల్లి మీద ఇంకో బరువుగా మారే ప్రమాదముంది. "నువ్వు ధైర్యంగా ఉంటే పిల్లలు బాగుంటారు" అని అందరూ ఆమెకే చెబుతారు. ఆమెకు ధైర్యం ఎవరివ్వాలి? కాబట్టి తల్లికి చికిత్స మొదలుపెట్టడమే పిల్లలకు చికిత్స మొదలుపెట్టడం అనుకున్నాం. వారంలో ఒకరోజు ఆమె ఒక్కతే వస్తుంది, ఇంకోరోజు పిల్లలతో వస్తుంది.

మొదట్లో ఎవర్నీ యుద్ధం గురించి అడగలేదు. దారుణం జరిగిన వెంటనే మనిషిని కూర్చోబెట్టి అంతా ఒకేసారి చెప్పించడం మేలు చేయదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలాకాలంగా హెచ్చరిస్తోంది. వీళ్ళకు నెలలు గడిచినా, రాత్రులు కుదుటపడకుండా జ్ఞాపకాల జోలికి వెళ్తే ఇంటికెళ్ళాక పట్టుకునేవాళ్ళుండరు. ఆల్ప్రాజోలం ఒక్కసారిగా ఆపితే ఇంకో ఇబ్బంది. మా దగ్గర సైకియాట్రిస్టు దాన్ని కొద్దికొద్దిగా తగ్గించి, డిప్రెషన్‌కు వేరే మందు మొదలుపెట్టారు.

రాత్రుల పని అత్తగారికి అప్పగించాం. ఈ నిర్ణయం గురించి కొంచెం చెప్పాలి. తాయెత్తు తీసేయమని నేను అనలేదు. అది ఆమె ప్రేమ. పిల్లలకు అది అర్థమవుతుంది కూడా. "కట్టిన తాయెత్తుతో పాటు మీ చెయ్యి కూడా రోజూ వాళ్ళ మీద పడితే ఇంకా బలం అమ్మా" అన్నాను. రోజూ ఎనిమిదిన్నరకు టీవీ కట్టేసి, బాబు అరికాళ్ళకు గోరువెచ్చని కొబ్బరినూనె రాయడం ఆమె పని. అదే వేళ, అదే దుప్పటి, అదే లాలిపాట. పక్క తడిస్తే మాట్లాడకుండా దుప్పటి మార్చడం. ఉదయం ఎవరి ముందూ ఆ మాట ఎత్తకపోవడం. ఈ చివరిది ఆమెకు అన్నిటికన్నా కష్టమైంది, పక్కింటావిడతో చెప్పుకోవడం అలవాటు. అయినా మానుకుంది. దసరా నాటికి బాబు వారంలో ఎక్కువ రోజులు పొడి పక్కలో లేస్తున్నాడు.

తల్లికి నేర్పింది శరీరాన్ని ఇప్పటికి తెచ్చుకోవడం. మూడింటికి మెలకువ వచ్చినప్పుడు కాళ్ళు నేల మీద ఆనించి, కనపడేవి ఐదు, వినపడేవి నాలుగు, తాకగలిగేవి మూడు లెక్కపెట్టడం. దూరంగా రైలు కూత, ఫ్యాను కిర్రు, అత్తగారి గురక, వీధి కుక్క. ఇవి విజయవాడ శబ్దాలు, ఖార్తూమ్‌వి కావు. పిల్లలకు సబ్బు బుడగలు. బుడగ పెద్దది రావాలంటే ఊపిరి నెమ్మదిగా, పొడుగ్గా వదలాలి. ఊపిరి కసరత్తు అంటే చేయని పిల్లలు బుడగలంటే అరగంట ఊదుతారు.

స్కూల్లో పాపను తలుపు దగ్గరి బెంచీకి మార్చారు. డ్రిల్ గంట కొట్టేముందు టీచర్ వచ్చి చెవిలో చెబుతుంది. అంతకుమించి ప్రత్యేకంగా ఏమీ వద్దన్నాను, తోటిపిల్లల ముందు ఆమె వింతగా కనపడకూడదు.

దీపావళి గురించి ఇంట్లో అందరికీ టెన్షన్. ఆ ఏడాది నవంబరు 12న వచ్చింది. గుంటూరులో ఉన్న మేనమామ ఇంటికి పంపేద్దామన్నారు, అక్కడ మాత్రం టపాసులు కాల్చరా? నెల ముందు నుంచే ఫోన్‌లో టపాసుల శబ్దం బాగా తగ్గించి పెట్టి, తల్లి ఒళ్ళో కూర్చుని, సౌండు బటను పిల్లల చేతికే ఇచ్చి వినిపించాం. ఆపాలనిపిస్తే ఆపేస్తారు. పండగ రోజు లోపలి గదిలో కిటికీలు మూసి, ఏ శబ్దం ఏమిటో చెప్పే ఆట ఆడారు. లక్ష్మీ బాంబు, తారాజువ్వ, సీమటపాకాయ. పాప రెండు గంటలు వణికింది, కానీ మంచం కిందకు వెళ్ళలేదు. చివర్లో గుమ్మంలో నిలబడి ఒక కాకరపువ్వొత్తి వెలిగించింది.

తాడు, రాళ్ళు, పూలు

సంక్రాంతి తర్వాత పాపతో జ్ఞాపకాల పని మొదలుపెట్టాం. మేం వాడిన పద్ధతిని నెరేటివ్ ఎక్స్‌పోజర్ థెరపీ అంటారు. జర్మనీకి చెందిన మనస్తత్వవేత్తలు దీన్ని రూపొందించారు. తొలి అధ్యయనాల్లో ఒకటి ఉగాండాలోని ఇంవేపి శిబిరంలో తలదాచుకున్న అప్పటి సుడాన్ శరణార్థులతోనే చేశారు, ఫలితాలు 2004లో అచ్చయ్యాయి. పిల్లల కోసం దీనికి వేరే రూపం ఉంది. నేల మీద తాడు పరచాలి, అది జీవితం. పుట్టుక ఒక కొస. రెండో కొసను చుట్ట విప్పకుండా వదిలేయాలి, అది ఇంకా రావలసిన కాలం. జరిగిన మంచికి పూలు, చెడుకు రాళ్ళు. పిల్లలు తామే ఏరుకుని వరసలో పెట్టుకుంటారు. తర్వాత ఒక్కొక్క రాయి దగ్గర ఆగి, ఏం చూశారు, ఏం వినపడింది, ఒళ్ళు ఎలా ఉంది, ఏమనుకున్నారు అని నిదానంగా, ముందూ వెనకా కలిపి చెప్పిస్తాం. ముక్కలుముక్కలుగా మీద పడే జ్ఞాపకం మొదలూ చివరా ఉన్న కథగా మారితే దాని పట్టు సడలుతుంది.

తాడు నులక తాడు. రాళ్ళు కృష్ణ ఒడ్డున ఏరినవి. పూలు బంతి, చామంతి. తల్లి పక్కనే కూర్చుంది. అందుకు ముందే ఆమెను విడిగా సిద్ధం చేశాను. పాప ఏం చెప్పినా ఆపకూడదు, ఏడుపొస్తే ఏడవొచ్చు గానీ గదిలోంచి వెళ్ళిపోకూడదు.

పాప మొదట పూలు పెట్టింది. తమ్ముడు పుట్టిన రోజుకు పెద్ద బంతిపువ్వు. మొదటిసారి విమానం ఎక్కిన రోజుకు ఒకటి. ఖార్తూమ్ స్కూల్లో స్నేహితురాలికి ఒకటి. తర్వాత రాళ్ళు. యుద్ధం మొదలైన ఉదయానికి గోళీ అంత రాయి. కిటికీ అద్దాలు పగిలిన రోజుకు ఇంకొంచెం పెద్దది. తల్లి ఆశ్చర్యంగా చూస్తోంది, ఆమె దృష్టిలో అద్దాలు పగిలిన రోజే ఘోరం. పాప బుట్టలో వెతికి వెతికి, రెండు చేతులతో పట్టుకోవాల్సినంత రాయి తీసి బస్సు ప్రయాణం దగ్గర పెట్టింది.

ఆ రాయి దగ్గరికి వచ్చేదాకా మిగతావన్నీ ఓపిగ్గా దాటాం. చివరికి చెప్పింది. దారిలో ఒకచోట తుపాకులు పట్టుకున్నవాళ్ళు బస్సు ఆపి పైకెక్కారు. ఎవరూ ఊపిరి కూడా పీల్చడం లేదు. బయట దుమ్ము. తనకు దగ్గొచ్చింది. దగ్గింది. తుపాకీ ఉన్న మనిషి తన వైపు చూశాడు. అమ్మ చెయ్యి గట్టిగా తన నోటి మీద పడింది. తర్వాత ఆ మనిషి నాన్నను కిందకు దింపాడు.

"నేను దగ్గినందుకే కదా నాన్నను తీసుకెళ్ళారు" అంది, గుసగుసగా. కాసేపాగి, "ఇప్పుడు కూడా నాన్న లేడు" అంది.

తొమ్మిదేళ్ళ పిల్ల నెలల తరబడి దీన్ని మోసింది. గొంతు పెంచకపోవడం, గొంతు గరగరలాడితే చాలు నీళ్ళు తాగేయడం, రాత్రికి నీళ్ళు అందుబాటులో లేకపోతే వణికిపోవడం. సీసాలు అక్కడి నీటి కరువు వల్లే అనుకున్నాం అందరం, ఇంట్లో పెద్దలు, నేను. కరువూ కారణమే. కానీ దగ్గు రాకుండా ఉండటానికి కూడా ఆ నీళ్ళు కావాలి ఆమెకు.

తల్లికి ఇది బొత్తిగా తెలియదు. ఆమె లేచి వచ్చి తాడు పక్కన నేల మీద కూర్చుంది. "నాన్నా, నువ్వు దగ్గకముందే ముందు సీట్లలో మగాళ్ళందర్నీ దింపేశారు. నీకు కనపడలేదు, నువ్వు నా ఒళ్ళో తల పెట్టుకున్నావు. వరసలో మీ నాన్న వంతు వచ్చింది, అంతే. నాకు భయమేసి నీ నోరు మూశాను. నీ తప్పు ఉండి కాదు" అంది. పాప నమ్మనట్టు చూసింది. ఆ రాత్రి తండ్రికి ఫోన్ చేసి అడిగింది. కాగితాలు చూసి, ఉన్న డబ్బు తీసుకుని వదిలేశారనీ, దగ్గు తనకు వినపడనే లేదనీ, ఒమన్ వెళ్ళింది అప్పు తీర్చడానికనీ తండ్రి వివరంగా చెప్పాడు. మర్చిపో అనే మాట ఈసారి అనలేదు.

ఒక్క రోజులో మారిపోలేదు. ఆ రాయి దగ్గరికి మళ్ళీ మళ్ళీ వెళ్ళాం, వెళ్ళిన ప్రతిసారీ కథలో కొత్త ముక్క కలిసింది. నాన్న బస్సు ఎక్కాక అందరికీ ఖర్జూరాలు పంచిన ముసలాయన గుర్తొచ్చాడు. ఆయనకు ఒక చామంతి పెట్టింది. ఏప్రిల్‌కల్లా క్లాసులో పద్యం పైకి చదివిందని టీచర్ ఫోన్ చేసి చెప్పారు. సీసాలు రెండుకు దిగాయి. ఆ రెండూ ఉండనివ్వమన్నాను. విజయవాడ ఎండాకాలంలో మంచం పక్కన రెండు సీసాలు ఎవరికైనా కావాలి.

తల్లి వంతు

తల్లి తాడు మీద కింది వాటా ఆవిడ రాయిగానూ ఉంది, పువ్వుగానూ ఉంది. చనిపోయిందని తెలిస్తే ఏడ్చి, కర్మ చేసి, కొంత తేరుకునే దారి మన సంప్రదాయంలో ఉంది. బతికుందో లేదో తెలియని మనిషి కోసం ఏ దారీ లేదు. వియత్నాం యుద్ధంలో గల్లంతైన పైలట్ల కుటుంబాలతో పనిచేసిన పౌలీన్ బాస్ ఇలాంటి తెగని దుఃఖాన్ని ఏళ్ళ తరబడి అధ్యయనం చేశారు. దీనికి ముగింపు వెతక్కూడదని, తెలియకపోవడంతో కలిసి బతికే బలం పెంచాలని ఆమె చెబుతారు. సుడాన్‌లో ఆ యుద్ధం వల్ల ఇళ్ళు వదిలినవాళ్ళు కోటి దాటారు. ఆవిడ వాళ్ళలో ఎక్కడో ఉండొచ్చు, ఫోన్ పోయి ఉండొచ్చు, ఇంకేదైనా కావొచ్చు. ఏదీ తెలిసినట్టు మాట్లాడకూడదని ఇద్దరం అనుకున్నాం.

ఆమె ఆవిడకు ఉత్తరాలు రాయడం మొదలుపెట్టింది, తెలుగులోనే. వాళ్ళు పంచిన నీళ్ళ గురించి, పిల్లలు ఇప్పుడేం చదువుతున్నారో. ఒక ఉత్తరంలో, "నిన్ను వదిలి వచ్చాను" అని రాసి కొట్టేసి, "నువ్వు మమ్మల్ని బస్సు ఎక్కించావు" అని రాసింది. ఎక్కించింది నిజంగా ఆవిడే. బస్సు ఆగే చోటు దాకా తన అన్నతో కారులో పంపింది. అంతకాలం ఆ ముక్క ఆమె జ్ఞాపకంలో కనిపించకుండా పోయింది.

వరద

2024 సెప్టెంబరు 1, ఆదివారం బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ మీద పడింది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల 43 వేల క్యూసెక్కులు, రికార్డు. వీళ్ళది కింది ఇల్లు. నడుంలోతు నీళ్ళలో పక్కవాళ్ళ మేడ మీదకు చేరారు. కరెంటు లేదు, కుళాయి లేదు, చుట్టూ నీళ్ళే గానీ తాగడానికి లేవు. పైన హెలికాప్టర్లు. రోగం తిరగబెట్టడానికి ఇంతకన్నా ఏం కావాలి?

బాబు తిరగబెట్టాడు. హెలికాప్టర్ వస్తే చెవులు మూసుకుని పరుపు కింద దూరాడు, పక్క తడపడం మళ్ళీ వచ్చింది. తల్లి రెండు రాత్రులు నిద్రపోలేదు. ఫోన్ చార్జింగ్ ఉన్నంతలో ఆమె నాకు మెసేజ్ పెట్టింది. నేను అందకపోతే 14416కు, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్‌కు చేయమని ముందే చెప్పి ఉంచాను. పాప తమ్ముడి పక్కన పడుకుని "ఇది అన్నం పొట్లాలు వేసే హెలికాప్టర్‌రా, బాంబులు వేసేది కాదు, కావాలంటే చూడు" అని అరిచి చెప్పిందట, ఆ చప్పుడులో వినపడాలని. తల్లి ఈ మాట నాకు చెప్పేటప్పుడు "అరిచింది మేడమ్" అని రెండుసార్లు అంది.

ఆ మేడ మీదే, చీకట్లో, అత్తగారు మనవణ్ణి ఒళ్ళో పెట్టుకుని "అక్కడ కూడా ఇలాగే చప్పుడు వచ్చేదా నాన్నా? చెప్పు, వింటాను" అని అడిగింది. వాడు చెప్పాడు. ఐదారేళ్ళ పిల్లాడి మాటల్లో ఎంత వస్తే అంత. నీళ్ళు తగ్గే వరకు రోజూ రాత్రి అడిగింది.

తర్వాత కొన్ని వారాలు గుంటూరులో మేనమామ ఇంట్లో ఉన్నారు. ఫోన్‌లో సెషన్లు కొనసాగాయి. నూనె, దుప్పటి, లాలిపాట అక్కడికీ వెళ్ళాయి. కిందటిసారి నెలలు పట్టిన కోలుకోవడం బాబుకు ఈసారి కొద్ది వారాల్లోనే వచ్చింది. ఇల్లు కడిగి తిరిగి వెళ్ళాక వాడి ఆటలో మార్పు కనపడింది. బస్సు పక్కన పడవ చేరింది. పడవ బస్సులో జనాన్ని ఎక్కించుకుని వెళ్తుంది. ఆటకు ఇప్పుడు చివర ఉంది, వేరే పిల్లల్ని కూడా చేరనిస్తున్నాడు.

ఇప్పటి పరిస్థితి

పాప క్రైస్ స్కోరు 17 లోపు ఉంది. పెద్ద శబ్దాలకు ఉలికిపాటు పోలేదు, వెంటనే తేరుకుంటుంది. తల్లి డిప్రెషన్ మందు తగ్గింపులో ఉంది. మూడింటి మెలకువ అప్పుడప్పుడు వస్తుంది. ఒక చిన్న ప్రైవేటు ఆఫీసులో లెక్కల పని దొరికింది, ఇంట్లో ఆమె మాటకు విలువ పెరిగింది. ఇది థెరపీ కన్నా ఎక్కువ పని చేసి ఉండొచ్చు. వాట్సాప్‌లో ఒకటే టిక్కు అలాగే ఉంది. ఉత్తరాల నోటుబుక్కు కొనసాగుతోంది.

అప్పు ఇంకా ఉంది, భర్త ఒమన్‌లోనే ఉన్నాడు. అక్కడ అతనికి ఎలా ఉందో మేం సరిగా చూడలేకపోయాం. బస్సులోంచి దింపింది అతన్ని, తుపాకీ ముందు నిలబడింది అతను. ఫోన్‌లో అడిగితే "నాకేం, బానే ఉన్నా" అంటాడు. సెలవు మీద వచ్చినప్పుడు నలుగురితో కలిపి, ఆపైన అతనితో విడిగా కూర్చోవాలని తల్లీ నేనూ అనుకున్నాం. అప్పటిదాకా రెండు నెలలకోసారి పిల్లల్ని చూస్తున్నాను, దీపావళికి నెల ముందు, వానాకాలం మొదట్లో తప్పనిసరిగా.